గొడుగు ఊచ

అనగనగా ఏడు మలుపుల కొండదారి. కొండకు ఇవతల ఒక చిన్న రాజ్యం, అవతల పట్నంలో ఒక ఆసుపత్రి. రెంటికీ నడుమ తిరిగేది ఒక్కటే బండి. గేర్లు తనంతట తానే మార్చుకునే ఆ బండిని రోగుల కోసమే రాజుగారు కొన్నారు. అది కదిలితేనే ఆ కొండ జనానికి ప్రాణం మీద ఆశ.

బండి బాగోగులు చూసేవాడు పైడయ్య. మంచి పనివాడే గాని, పంతం పాలు కాస్త ఎక్కువ. గేరుపెట్టెలో నూనె ఎంత ఉందో తెలియాలంటే ఒక గొట్టంలోకి ఊచ దించి, తడి ఎక్కడిదాకా ఎక్కిందో చూడాలి. ఆ ఊచను కంపెనీవాళ్లు బండితో ఇవ్వలేదు. పైడయ్య పట్నం షెడ్డుకు వెళ్లి, అక్కడి కంపెనీ ఊచ పక్కన పెట్టి, విరిగిన గొడుగు ఊచ ఒకటి కొలిచి కోశాడు. కింద నిండు గీత గీశాడు. ఊచ గొట్టం మూతి దగ్గర ఆగేలా పైన దారం ముడి వేశాడు. ఆనాడు ఆ ఊచ నిజమే చెప్పింది.

రాజుగారు మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోక, కొన్నాళ్లకు కంపెనీ ఊచ కూడా తెప్పించి పంపారు. పైడయ్యకు అది చిన్నతనంగా తోచింది. పెట్టె విప్పకుండానే దాన్ని అటక మీదికి విసిరేశాడు.

ఏటా దసరాకు పనిముట్లకు పూజ కదా. పైడయ్య గొడుగు ఊచను కడిగి, బొట్టు పెట్టి, మురికి పట్టిన పాత దారం తీసేసి కొత్త పసుపు దారం కట్టేవాడు. భక్తితో కట్టేవాడు, కొలిచి కట్టేవాడు కాదు. మొదటి దసరాకు ముడి వడ్లగింజంత పైకి జరిగింది. రెండో దసరాకు ఇంకో గింజంత. మూడో దసరాకు మరో గింజంత. ముడి పైకి పోయినకొద్దీ ఊచ లోతుకు దిగేది. పెట్టెలో నూనె తగ్గినా తడి మాత్రం నిండు గీతను తాకేది.

మూడో దసరా వెళ్లాక, బండి నడిపే దాలినాయుడు వచ్చి గేరు పడటానికి ఆలస్యమవుతోందన్నాడు. పైడయ్య ఊచ దించాడు. నూనె నిండుగా ఉందన్నాడు. వారం తర్వాత దాలినాయుడు మళ్లీ వచ్చి, ఎక్కుడులో ఇంజను అరుస్తోందే గాని బండి కదలడం లేదన్నాడు. ఊచ మళ్లీ నిండుగానే చూపించింది. మూడోసారి వచ్చి బతిమాలాడు.

"మావా, ఆ కంపెనీ ఊచ ఒక్కపాలి దించి సూడు. నాకు బయమేస్తంది."

"నా సేత్తో సేసిన ఊచ అబద్దమాడదు. నడపడం సేతకాక బండి మీద నెడతన్నావు," అన్నాడు పైడయ్య.

కార్తీకంలో తుఫాను ముసురు పట్టింది. నేతగాడి కోడలు ఎర్రమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బండి నాలుగు మలుపులు ఎక్కింది. అయిదో మలుపులో ఇంజను మోగుతూనే ఉంది, చక్రాలు మాత్రం తిరగలేదు. ఆ వానలో ఆమెను డోలీ కట్టి మోసుకుపోయారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

మొరటుగా నడిపి గేరుపెట్టె పాడుచేశాడని మంత్రులు దాలినాయుడి మీద తప్పు మోపారు. మూడు రోజుల్లో పొలిమేర దాటి పొమ్మని రాజుగారి ఆజ్ఞ అయింది.

పైడయ్యకు అన్నం సయించలేదు. మూడో రోజున అటక ఎక్కి, కంపెనీ ఊచ తీసి, గొడుగు ఊచ పక్కన పెట్టాడు. గీతలు రెండూ సరిపెట్టి చూస్తే ముడి, కంపెనీ ఊచ ఆగే చోటు కన్నా మూడు వడ్లగింజలంత పైన ఉంది.

చూసినవాళ్లు ఎవరూ లేరు. ముడిని కిందికి జరిపితే చాలు, ఇక ఎవరికీ తెలియదు. వేళ్లు ముడి మీదికి వెళ్లాయి కూడా. పక్కింట్లో దాలినాయుడి భార్య ఏడుస్తూ గిన్నెలు మూట కడుతోంది. ఆ ఏడుపు విని పైడయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముడి ముట్టకుండా రెండు ఊచలూ పట్టుకుని కొలువుకు వెళ్లాడు.

"దొరా, నాయుడి తప్పేటీ నేదు. నానీ ముడికి మొక్కినాను గాని కొలవనేదు. కొలిసుంటే ఆ బిడ్డ బతికును."

రాజుగారు దాలినాయుడి శిక్ష రద్దు చేసి, "ఏటా దసరానాడు ఈ రెండు ఊచలనూ పక్కపక్కన పెట్టి అందరి ఎదుటా కొలిచి చూపు. బొట్టు ఆ తర్వాతే. ఇదే నీకు శిక్ష," అన్నారు.

దాలినాయుడు మళ్లీ బండి ఎక్కాడు. పైడయ్యను మాత్రం మళ్లీ మావా అని పిలవలేదు.

మరుసటి దసరాకు పైడయ్య కొలుస్తుంటే ఎర్రమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ముడి సరిగా ఉందని తేలేదాకా చూసి, ఖాళీ చేతులతో వెళ్లిపోయింది. పైడయ్య చాలాసేపు బొట్టు పెట్టలేకపోయాడు.

మన చేత్తో చేసుకున్నదైనా, కంపెనీలో చేయించినదైనా, కొలిచే పనిముట్టును ముందు పరీక్షించాలి. ఆ తర్వాతే దానికి మొక్కాలి.