మాస్టారి చల్లటి చెయ్యి

నువ్వుగింజలో సగం కూడా లేని లోహపు ముక్క ఉందనుకోండి. అది గట్టిదో మెత్తనిదో ఎలా తెలుస్తుందర్రా?

కొరికి చూస్తావా? సరే. అదే కొలిమిలోంచి తీసినంత వేడిగా ఉంటేనో? ఇప్పుడు కొరుకు చూద్దాం!

నవ్వింది చాలు, వినండి. కనకరత్నం మాస్టారి ప్రయోగశాలలో దానికో యంత్రం ఉండేది. కంటికి ఆనని వజ్రపు మొనతో లోహాన్ని మెల్లగా నొక్కుతుంది. మొన ఎంత లోతుకి దిగితే లోహం అంత మెత్తనన్నమాట. ఆ పని శిష్యుడు దివాకర్‌ది. కొలతల్లో తనని మించినవాడు లేడని అతని ధీమా.

ఒకరోజు సబీహా అనే తోటి శిష్యురాలు ఓ కొత్త లోహం తెచ్చిచ్చింది. ఏడాదిపాటు కరిగించి, పోతపోసి తనే చేసింది. మంటల్లో పనిచేసే యంత్రాలకి పనికొస్తుందని ఆమె ఆశ.

దివాకర్ దాన్ని బాగా కాల్చి, మొన దించాడు. గట్టిదంది యంత్రం. మళ్లీ దించాడు. మెత్తనిదంది. ఆ తర్వాత అంకె అసలు నిలవనే లేదు.

"నిలకడ లేని సరుకు మాస్టారూ. పనికిరాదని రాసేస్తున్నా," అన్నాడు.

సబీహా ముఖం చిన్నబోయింది.

"ఉండు నాయనా, రాద్దువుగాని," అంటూ మాస్టారు ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీశారు. తాగలేదు. గుప్పిట్లో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. తర్వాత లేచి, వెనకనుంచి వచ్చి, ఆ చేత్తో దివాకర్ మెడ పట్టుకున్నారు.

"అమ్మోయ్!" కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు దివాకర్.

"సబీహా, నువ్వు రాసుకోమ్మా," అన్నారు మాస్టారు గంభీరంగా. "ఈ అబ్బాయికి నిలకడ లేదు. పనికిరాడు."

"అన్యాయం మాస్టారూ! మీ చెయ్యి మంచుగడ్డలా ఉంటే నా తప్పా?"

"నోరుంటే ఆ లోహమూ అదే అనేది."

సబీహా పకపకా నవ్వేసింది. దివాకర్ మెడ రుద్దుకుంటూ యంత్రం అద్దంలోంచి లోపలికి చూశాడు. కింద లోహం కణకణలాడుతోంది. పైన మొన చల్లగా వేలాడుతోంది.

వెంటనే మొనకీ వేడి పెట్టాడు. రెండూ ఒకే వేడికి వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుని, అప్పుడు దించాడు. అంకె కదల్లేదు. మళ్లీ దించాడు. అదే అంకె. గట్టి లోహమే!

సబీహా చిన్నపిల్లలా గెంతింది.

"ఇప్పుడు రాయి," అన్నారు మాస్టారు, సీసా ఎత్తి గటగటా తాగుతూ.

ఇక లేవండర్రా. చంటిదానికి నూనె రాయడం సగంలో ఆపి వచ్చాను. ఇందాక చెయ్యి వెయ్యగానే కెవ్వుమంది పాపం. ఉండండి, ముందు పొయ్యి దగ్గర చేతులు కాచుకుని వెళ్తాను.