అక్కబండ మీది అక్షరాలు

మీ భాష ఏమిటని అడిగితే పక్కవాడి ముఖం చూసే మీరు ఈ బండ ఎక్కకండి. కింద నిలబడే చదువుకోండి, సిగ్గు తెలుస్తుంది.

పశ్చిమ ఆఫ్రికాలో బావోలా ఏటి ఒడ్డున, తెంబే ప్రజల ఊరి చివర ఉన్న ఈ బండ నేడు సగమే మిగిలింది. మాటలు రాని పిల్లలను తల్లులు ఇక్కడికి తెచ్చి, తడివేలితో ఒక్కొక్క అక్షరం దిద్దించి పలికిస్తారు. మాట తప్పక వస్తుందని నమ్మకం.

పూర్వం ఇక్కడ నియాలే అనే కుమ్మరి స్త్రీ ఉండేది. తెంబే భాషకు అప్పటికి రాత లేదు. ఒకనాటి కలలో చనిపోయిన తల్లి కనిపించి, పచ్చిమట్టి మీద వేలితో ఒక్కొక్క పలుకుకు ఒక్కొక్క గుర్తు పెట్టి చూపి, "పదిమందికీ నేర్పు" అన్నది. నియాలే వాటిని ఇనుప మొలతో ఈ బండ మీద చెక్కి, అడిగినవారికల్లా నేర్పసాగింది.

ఆమె తమ్ముడు సోరి వర్తకులు మాట్లాడే సంత భాష నేర్చి, తీరం నుండి వచ్చే ఉప్పు వర్తకులకు దుబాసీ అయ్యాడు. ఒకసారి వర్తకులు బండను చూసి, ఈ గీతలేమిటని అడిగారు.

"మేకలు గీకినవి, దొరా. మావాళ్లకు రాతలెక్కడివి?" అన్నాడు సోరి.

వారు నవ్వి, అయితే ఈ రాయి మా గిడ్డంగి పునాదికి పనికివస్తుందన్నారు. కూలీలు సమ్మెటలు ఎత్తారు.

నియాలే పరుగున వచ్చింది. "తమ్ముడూ, ఇవి అమ్మ ఇచ్చినవని చెప్పరా. అంత చెప్పేటంత వాళ్ల భాష నాకు రాదు."

"ఊరుకో అక్కా. ఇప్పుడు మాట మారిస్తే నేను నవ్వులపాలవుతాను."

చుట్టూ చేరిన ఊరివారు కూడా తల దించుకున్నారే గాని ఒక్కరూ అడ్డు రాలేదు. ఆ తప్పు అందరిదీ. సగం బండ పగిలాక నియాలే మిగిలిన అక్షరాల మీద బోర్లా పడుకున్నది. సమ్మెటలు ఆగాయి. అందుకే ఇది అక్కబండ అయినది.

సాయంత్రం సోరి ఇల్లు చేరి, "అక్కా" అని పిలిచాడు. నియాలే తనకు వచ్చిన నాలుగు సంత మాటలు కూడగట్టుకుని, "దయచేయండి. తమరికి మంచినీళ్లు కావాలా?" అన్నది. అతిథుల పీట వేసింది. మరునాటి నుండి ఊరంతా అతనితో అలాగే మాట్లాడింది. ఎవరూ తిట్టలేదు, వెళ్లగొట్టలేదు. అతడు తెంబేలో ఏమి అడిగినా జవాబు సంత భాషలోనే, మర్యాదగానే వచ్చేది. ముసలితనంలో జ్వరం వచ్చి, తల్లి పాడిన జోలపాట ఒక్కసారి పాడమని ఏడ్చాడు. అక్క అతని తల నిమిరింది గాని, నోరు విప్పలేదు.

పరాయివారిని పాతే సంతదారి పక్కనే అతనిని పాతిపెట్టారు. నేటికీ ఆ సమాధి ముందు తెంబేవారు ఆగి దండం పెడతారు. తమ భాషలో మాత్రం ఒక్క మాట పలకరు.