బంగాళాదుంప సాక్ష్యం

ఉత్తరాన చలిసముద్రం ఒడ్డున, ఎస్తోనియా సీమలో, ఒకానొక బుల్లి రాజ్యం ఉండేది. దాన్ని హెల్మార్ అనే రాజు ఏలేవాడు. రాజ్యం చిన్నదే గానీ, రాజుగారికి ముత్తాతలు మాత్రం చాలామంది. పూటకొక ముత్తాత గొప్ప చెప్పందే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఆ రాజ్యంలోనే తోనిస్ అనే సాహిత్య పండితుడు ఉండేవాడు. ఏ పద్యం ఏ కాలంలో పుట్టిందో వాసన చూసి చెప్పేవాడు. పొయ్యి మీద పాలు మాడుతున్న వాసన మాత్రం ఆయనకు తెలియదని ఆయన భార్య ఊరంతా చెప్పేది.

ఒక ఏడు రాజు చాటింపు వేయించాడు. ఊళ్ల పక్కనున్న అడవంతా రాజవంశానిదేనట. ఇక మీదట అందులో ఒక్క పుల్ల ఏరినా చెరసాలేనట. ఆ సీమలో ఆరు నెలలు మంచు. పొయ్యిలో పుల్ల లేకపోతే ప్రాణం లేదు.

రాజసభలో ఊళ్ల తరఫున ఒకరు కూర్చునే ఆచారం ఉంది. జనమంతా తోనిస్ గుమ్మం ముందు చేరారు.

"పంతులుగారూ, ఈసారి సభకు మీరే వెళ్లాలి."

"నాకు రాజకీయం తెలియదర్రా!"

"తెలిసినవాళ్లను ఇదివరకు పంపాం కదయ్యా, చూశాంగా!" అంది ఒక ముసలమ్మ.

తోనిస్ సభకు వెళ్లాడు. రాజు ఒక తోలుచుట్ట విప్పించాడు.

"నాలుగు వందల ఏళ్లనాటి పద్యాలివి! ఈ అడవిని మా మూలపురుషుడు దానంగా పొందాడని ఇందులో ఉంది. చదువుకో!"

పక్కన నిలబడ్డ ఆస్థానకవి వేళ్లకు సిరా ఇంకా ఆరలేదని గిట్టనివాళ్లు అన్నారు. నేను అనలేదు.

తోనిస్ రెండుసార్లు చదివాడు. "మహాప్రభూ, ఇందులో ప్రతి అక్షరమూ నిజమేనా?"

"నా కిరీటం మీద ఆన!"

"ఆ దానం అందుకున్న రోజున మీ మూలపురుషుడు అతిథులకు ఉడికించిన బంగాళాదుంపలు వడ్డించాడని ఏడో పద్యంలో ఉంది."

"వడ్డించే ఉంటాడు! మా వంశంలో చేతికి ఎముక ఉండదు!"

"మరి రేవులో మీ తాతగారు వేయించిన శిలాశాసనం? 'ఈ నేలకు బంగాళాదుంపను మొట్టమొదట ఓడలో తెప్పించినవాణ్ణి నేనే' అని ఉందే, అది కూడా నిజమేనా?"

రాజు నోరు తెరిచాడు. మూయడం మరిచాడు.

"పద్యం నిజమైతే తాతగారు అబద్ధమాడినట్టు. తాతగారు నిజమైతే పద్యం నిలవదు. ఎవరిని తప్పు పట్టమంటారో తమరే సెలవివ్వండి. మీ ఇంటి తగవులో నేను వేలు పెట్టలేను."

నలభై ఏళ్లు పుస్తకాల్లో తల దూర్చి, పనికిరానివాడనిపించుకున్న మనిషి ఒక్క దుంపతో ఒక అడవిని నిలబెట్టాడు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. నేను ఎవరినీ ఊరికే మెచ్చుకునే రకం కాదని మీకు తెలుసు.

రాజు కవి వంక చూశాడు. కవి పైకప్పు వంక చూశాడు. ముందు రాజుగారి పొట్ట కదిలింది. తరవాత కిరీటం జారేంతగా నవ్వాడు.

"మా తాతే నిజం! ఈ కవికి ఆకలేసి పద్యంలో దుంప ఉడికించాడు! అడవి ఊళ్లదేనయ్యా. నేటి నుంచి నువ్వు నా మంత్రివి. ఇంకేం కావాలో కోరుకో."

"అడవి ఊళ్లదన్న మాట రాయించి ఇప్పించండి, చాలు."

"ఇప్పుడే! ఏ ఛందస్సులో రాయించమంటావు?"

"పద్యం వద్దు మహాప్రభూ," అన్నాడు తోనిస్ రెండు చేతులూ జోడించి. "వచనం చాలు. అదీ నేనే రాసుకుంటాను."