చాటుగా పోసిన మందు

మస్తానయ్య సామిని శిష్యుడు కోటిలింగం ఆ మాట అడిగింది పున్నమి నాడు, భజన అయిపోయి అందరికీ గుగ్గిళ్లు పెడతా ఉండగా.

"సామీ, నలుగురికీ చెప్పి చేసే మేలు గొప్పదా, ఎవరికీ చెప్పకుండా చేసేది గొప్పదా?"

అడిగేటప్పుడు అతని మొహం వెలిగిపోతా ఉంది. చాటుగా ఏదో మేలు చేసి, ఎవరికీ చెప్పుకోలేక ఉబ్బిపోయే మనిషి మొహం. సామి ఎవరేమడిగినా నోటితో చెప్పేది తక్కువ. ఎదురుగా జరిగేదేదో చూపించి ఊరుకుంటాడు. ఆ రోజు చూపించేదేం దొరకలేదో ఏమో, మాట మార్చాడు.

"నీ మనవరాలికి జొరమన్నావే, తగ్గిందా?"

"తమరి విబూది పెట్టి రెండ్రోజులే గదా సామీ. ఇయ్యాల కాకపోతే రేపు తగ్గుతది. మా ఇంట్లో ఇంగ్లీషు మందు గడప తొక్కలేదు."

పక్కనోళ్లు చేతులు జోడించారు. సామి గుగ్గిళ్లు నములుతా కూచున్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా మఠం విబూది తీసుకున్న ఇంట్లో మూడు రోజులు మందు ముట్టకూడదని ఒక కట్టుంది. ముట్టుకుంటే నమ్మకం లేనట్టంట. అది సామి పెట్టింది కాదు. ఈ నేతగాళ్ల ఇళ్లల్లోనే ఎక్కడో పుట్టింది, నోటా నోటా పెరిగింది. సామి అవునని ఎప్పుడూ అన్లేదు. కాదనీ అన్లేదు.

మర్నాడు పొద్దెక్కాక కోటిలింగం కోడలు నాగవేణి పిల్లని భుజానేసుకుని మఠానికొచ్చింది. వెనకాలే అత్త పున్నమ్మ. పిల్ల పేరు హాసిని, రెండేళ్లది. తల నిలపట్లేదు, ఏం పెట్టినా కక్కుతా ఉంది. మఠంలో వంట చేసే నేను పొయ్యి దగ్గర్నుంచి లేచి కనురెప్ప ఎత్తి చూశా. కన్ను పచ్చగా ఉంది.

"ఇంకాస్త విబూది పెట్టండి సామీ" అంది పున్నమ్మ.

"మందేమన్నా పోశారా?"

"అయ్యో, చుక్క పోయలేదు!"

"లేదు సామీ" అంది నాగవేణి కూడా, అత్త వంక ఒకసారి చూసి.

సామి విబూది సంచి ముట్టుకోలేదు. ఆటో పిలవమన్నాడు, తనూ ఎక్కాడు. పిల్లని పట్టుకునేందుకు ఇంకో మనిషి కావాలి గదా, నేనూ ఎక్కా. కోటిలింగం మగ్గం దిగి సైకిలు మీద వెనకాలొచ్చాడు. కొడుకు లారీ మీద పోయాడు, నాలుగు రోజులదాకా రాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, గొంతు మాత్రం గట్టిది. "ఏం మందు పోశారు? ఎంత? ఎన్నిసార్లు?" అనడిగింది. ముగ్గురిదీ ఒకటే మాట, ఏం పోయలేదని. సరే, కామెర్లేమోనని రక్తం తీయించింది. ఆ కాగితాలొచ్చేదాకా కూచోమంది.

మధ్యాన్నం పున్నమ్మ మంచినీళ్లకి పోగానే నాగవేణి డాక్టరమ్మ దగ్గరికి చేరింది.

"నర్సమ్మ ఇచ్చిన జొరం మందు పోశానమ్మా. మూత కొలతకి, రోజుకి నాలుగుసార్లు. మా అత్తకి మటుకు చెప్పొద్దు, మీకు పుణ్యముంటది."

డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కేసుకుంది. "కొలత సరిగ్గానే ఉందే. ఇంతదానికి ఇట్లా కాదు" అని మళ్లీ కామెర్ల కాగితాల్లోనే పడింది. అట్లా సగం రోజు పోయింది.

సాయంత్రం నేను గుమ్మం లోపలుండగా, సామి వరండాలో ఒక్కడే ఉన్నాడనుకుని పున్నమ్మ వచ్చి కాళ్ల దగ్గర కూలబడింది.

"తప్పయిపోయింది సామీ. ఒళ్లు కాలిపోతుంటే చూళ్లేకపోయా. పక్కింటోళ్ల చంటిదానికి తెచ్చిన సీసా అడుక్కొచ్చా. కోడలు బోరింగు కాడికి పోయినప్పుడల్లా ఉగ్గుగిన్నెతో పోశా. దానికి తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తది. మందు ముట్టొద్దని నానా మాటలూ అన్నది నేనే గదా."

సామి లేచాడు. ముప్పై ఏళ్లుగా ఆయన్ని చూస్తున్నా, అంత విసురుగా లేవడం ఎప్పుడూ చూళ్లేదు. పున్నమ్మ రెక్క పట్టుకుని వార్డులోకి లాక్కుపోయాడు. "ఇప్పుడు చెప్పు. అందరూ వినేటట్టు చెప్పు" అన్నాడు. చెప్పింది.

నాగవేణి అత్త మొహం వంకే చూసింది. "నువ్వూ పోశావా?"

"నువ్వూనా?" అంది పున్నమ్మ.

పక్క మంచం ఆవిడ, "చోద్యం, ఒక ఇంట్లో ఉండి దొంగల్లాగా" అంది. ఆవిడని నేను కసిరా.

ఇంటికి మనిషిని పంపి రెండు సీసాలూ తెప్పించారు. పక్కింటోళ్ల సీసా చూడగానే డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. అది చుక్కల మందంట. నెలల పిల్లలకి చుక్కల లెక్కన పోసేది, మామూలు మందు కంటే చిక్కన. దాన్ని గిన్నెతో పోసింది మా పున్నమ్మ. రెండు సీసాల మీదా రెండు పేర్లున్నాయి గానీ లోపలుండే మందు ఒకటేనంట. పిల్ల కాలేయం దెబ్బతినిందని, విరుగుడు ఎక్కిస్తానని చెప్పింది.

"ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి, నేను తిట్టను. ఎంత పడిందో సరిగ్గా తెలిస్తే ఇక్కడే చూడొచ్చో, ఇప్పుడే పెద్దూరు పంపాలో తేలుతుంది."

అంటా కోటిలింగం వంక కూడా చూసింది.

"పొద్దస్తమానం మగ్గంలో ఉంటానమ్మా. ఆడోళ్ల సంగతులు నాకేం తెలుసు?" అన్నాడు.

ఆ మాట మీద పిల్లని అక్కడే ఉంచారు.

పొద్దున్నే పిల్ల ముక్కులోంచి నెత్తురు కారింది. దాన్ని చూశాక కోటిలింగం చొక్కా లోపల్నుంచి ఒక సీసా తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. అడుగున రెండు వేళ్ల ఎత్తు మందు మిగిలుంది.

"షాపులో కొన్నా. మగ్గం గుంటలో, నా కాళ్ల దగ్గర దాచా. ఆడుకుంటా గుంట అంచుకి వచ్చినప్పుడు పోసేవాణ్ణి. తీపి గదమ్మా, తాతా అని తనే నోరు తెరిచేది."

మూడో సీసా, మూడో పేరు. మందు అదే.

"నిన్న అడిగానుగా! ఎందుకు చెప్పలేదయ్యా?" అని అరిచింది డాక్టరమ్మ.

"సామి పక్కనున్నాడు" అన్నాడు కోటిలింగం.

అంబులెన్సు వచ్చింది. సగం దారి కూడా పోలేదు. నాగవేణి ఒళ్లో పిల్లతోనే తిరిగొచ్చింది.

పూడ్చిపెట్టి వచ్చాక వారం దాకా ఆ ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. ఊళ్లో మాత్రం నోళ్లు ఊరుకోలేదు. ముసల్దాని గిన్నె చంపిందని కొందరు, కాదు, ముసలాడి మౌనం చంపిందని కొందరు. నాగవేణి ఎవరినీ ఒక్క మాట అన్లేదు. అత్తకి అన్నం పెట్టింది, మావకి అన్నం పెట్టింది. మొగుడొచ్చి ఏం జరిగిందని అడిగితే, "నీ కూతురికి జొరమొస్తే అందరం మందు పోశాం" అందంట.

ఎనిమిదో రోజు కోటిలింగం మఠానికొచ్చాడు. సామి ఎదురుగా కూచున్నాడు గానీ దణ్ణం పెట్టలేదు.

"మూడు చేతులు సామీ. మూడూ దానిమీద ప్రేమతో పోసినయ్యే. ఏ చెయ్యి చంపిందో మీరు చెప్పండి. మీరు చెప్తే మా ఇంట్లో మిగతా ఇద్దరన్నా అన్నం తింటారు."

సామి తలెత్తకుండా, విబూది అంటిన తన చెయ్యి వంకే చూసుకున్నాడు.

"మీ ముగ్గురి నోళ్ల మీదా ఒక చెయ్యుంది కోటిలింగం. దాన్ని నువ్వు లెక్కెయ్యలేదు" అన్నాడు.