తనది కాని కాలు

విరూపాక్షికి ఒకటే దిగులు. ఆశ్రమానికి వచ్చి మూడేళ్లయినా, గంటసేపు ధ్యానంలో కూర్చుంటే చాలు, మోకాళ్లు గోల పెట్టేవి. ఒంటిని గెలవనివాడు ఇంకేం గెలుస్తాడు?

ఆ రోజు తెల్లవారుజామున కుడి పిక్కలో కత్తి దించినట్టు నొప్పి లేచింది. పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. పొద్దు పొడిచేసరికి నొప్పి మాయమైంది. గిల్లి చూసుకున్నాడు, తెలియలేదు. వెన్నెల పూసినట్టు కాలు పాలిపోయి ఉంది. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ ఓబుళస్వామి దగ్గరికి వెళ్లాడు.

"స్వామీ, నొప్పిని గెలిచాను. ఈ కాలు నాది కాదనిపిస్తోంది."

సన్యాసం పుచ్చుకోకముందు స్వామి ఆసుపత్రిలో కాంపౌండరు. శిష్యుడి పాదం మీద రెండు వేళ్లు ఆనించాడు. చీలమండ పక్కన వెతికాడు. మోకాలి వెనక వెతికాడు. నాడి ఎక్కడా అందలేదు. గురువు భయపడగా విరూపాక్షి అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"చెయ్యి ఇటివ్వు."

ఆ చేతిని ముందు ఎడమ పాదం మీద పెట్టాడు. తర్వాత కుడి పాదం మీద.

చన్నీళ్లలోంచి తీసిన రాయిలా ఉంది.

"ఎప్పుడు మొదలైంది?"

"నాలుగింటికి."

"ఇప్పుడు ఆరున్నర. కాలికి నెత్తురు ఆగిపోయింది రా. ఇంకో మూడు గంటలు ఊరుకుంటే కాలు దక్కదు."

వంట శేషప్ప వేడి ఇసుక మూటతో వచ్చాడు. "తిమ్మిరే స్వామీ, కాపడం పెడితే దిగిపోతుంది. పూరీలు వత్తుతుంటే నాకు రోజూ పట్టేదే."

"చర్మం కాలినా వీడికి తెలియదు శేషప్పా. అది అవతల పెట్టు. రుద్దొద్దు, కాలు ఎత్తులో పెట్టొద్దు. కొండ కింద జీపు తియ్యి."

అరవై దాటిన స్వామి శిష్యుణ్ణి వీపున వేసుకుని కొండ మెట్లన్నీ దిగాడు.

గుండెలో పుట్టిన నెత్తురుగడ్డ వచ్చి తొడ రక్తనాళంలో అడ్డుపడిందన్నాడు పట్నం డాక్టరు. వెంటనే కోసి బయటికి తీశాడు.

సాయంత్రానికి కాలు భగ్గుమంది. వేలవేల సూదులు. మూలుగు ఆపుకోలేక విరూపాక్షి సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు.

"మళ్లీ ఓడిపోయాను స్వామీ."

పాదానికి ఏదో వెచ్చగా తగిలింది. కళ్లు తెరిచి చూస్తే, మంచం చివర వంగి, గురువు తన నుదుటిని ఆ పాదానికి ఆనించి ఉన్నాడు.

విరూపాక్షి అదిరిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు.

స్వామి తలెత్తాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"లాక్కున్నావు," అన్నాడు. "ఇంకేం కావాలి నాయనా."