మోసేకొండ మీది చంకబిడ్డ మాత

జర్మనీ దేశపు దక్షిణాన, ద్రాక్షతోటల నడుమ ట్రాగెన్‌బెర్గ్ అనే కొండ ఉంది. ఆ పేరుకు 'మోసేకొండ' అని అర్థం. అది మనల్ని మోస్తుందేమోనని భక్తులు ఆశపడరాదు. ఎక్కవలసింది మన కాళ్లతోనే. పైన రాతిగుడిలో మరియమాత కొయ్య స్వరూపం కొలువై ఉంది. అమ్మ బాలయేసును ఒక చంకన వేసుకుని, రెండో చేత్తో తన నడుము పట్టుకుని నిలబడి ఉంటుంది. ఎందుకలా నిలబడిందో తల్లులకు చెప్పనక్కరలేదు. ఈ కథ తండ్రుల కోసం.

పూర్వం ఈ కొండ మీది కోటలో ఉండి బుర్కార్ట్ అనే దొర ఏలేవాడు. కత్తియుద్ధంలో వెనకడుగు ఎరుగనివాడు, పసిబిడ్డను ఎత్తుకోమంటే మాత్రం గోడకు తగిలేదాకా వెనక్కి నడిచేవాడు. దొరసాని మెక్టిల్డాకు కాన్పు కష్టమై, తల్లీబిడ్డలు దక్కరనుకున్న రోజున ఆయన గుడికి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇద్దర్నీ కాపాడు. చెప్పుల్లేకుండా యెరూషలేము దాకా నడుస్తాను" అని మొక్కుకున్నాడు. ఇద్దరూ దక్కారు. ఆడపిల్ల. ఇర్మెల అని పేరు పెట్టారు. గొంతు మాత్రం అచ్చం తండ్రిదే.

ఆ సంతోషం ఆరకముందే దొరకు దిగులు పట్టుకుంది. ఏటి అవతలి గెర్లాక్ దొర, ఈయన ఎప్పుడు ఊరు దాటితే అప్పుడు కోట పట్టుకుందామని కాచుకుని ఉన్నాడు. వెళితే భార్యాబిడ్డలు వీధిన పడతారు. మానితే అమ్మకిచ్చిన మాట తప్పుతుంది.

"మొక్కేముందు నన్నొక్క మాట అడగవద్దా?" అంది దొరసాని మంచంలోంచే.

"నీకు స్పృహ ఉంటేగా!"

"నాకు స్పృహ ఉంటే పక్క ఊరి గుడితో సరిపెట్టేదాన్ని."

ప్రయాణం నాటి మధ్యాహ్నం, సెలవు తీసుకుందామని వచ్చిన దొర గుడిమెట్ల మీద కునుకు తీశాడు. కలలో అమ్మ కనిపించింది. "నన్ను చూడ్డానికి యెరూషలేము ఎందుకు నాయనా? ఇక్కడే ఉన్నానుగా, బిడ్డనెత్తుకుని. నా చేతులు లాగుతున్నాయి. నీ చేతులు ఖాళీగానే ఉన్నాయి. నీ బిడ్డనెత్తుకుని ఈ కొండ చుట్టూ నడువు. ఆ దూరం ఇక్కడే పూర్తి చెయ్యి" అంది.

దొర ఉలిక్కిపడి లేచి, ఆ సంగతి గుడి గురువు విగాండ్‌కు చెప్పాడు.

"ఎవరికి కావలసిన కల వాళ్లకొస్తుంది దొరా" అన్నాడు ముసలి గురువు. "నేను బిషప్పు అయినట్టు నాకెన్నిసార్లు కలొచ్చిందో!"

అంటూనే తలుపు తీశాడు. పొద్దున రెండు చేతులా బిడ్డను పొదువుకున్న అమ్మ, ఇప్పుడు చంకన వేసుకుని నడుము పట్టుకుని ఉంది. గురువు అక్కడికక్కడే మోకరిల్లాడు. "వెళ్లండి దొరా, పాపను తెచ్చుకోండి" అన్నాడు.

దొర బిడ్డను మొదట డాలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కోట అదిరేలా ఏడ్చింది ఇర్మెల. నడవగా నడవగా ఆయన చేతులు మెత్తబడ్డాయి, పిల్ల గొంతు తగ్గింది. కాన్పయిన నాటినుంచి కంటినిండా నిద్రలేని దొరసాని, కిటికీలోంచి చూస్తూ చూస్తూ అలాగే నిద్రలోకి జారుకుంది.

దొర వెళ్లిపోయాడని విన్న గెర్లాక్, మర్నాడే గుర్రపుదళంతో కొండెక్కాడు. మలుపు తిరిగేసరికి ఎదురుగా బుర్కార్ట్! ఒట్టికాళ్లు, భుజాన బిడ్డ, కోటగోడల మీద విల్లెక్కుపెట్టిన కాపలావాళ్లు.

"నువ్వు వెళ్లలేదా?" గావుకేక పెట్టాడు గెర్లాక్.

"దారిలోనే ఉన్నాను. మెల్లగా మాట్లాడవయ్యా, ఇప్పుడే పడుకుంది."

గెర్లాక్ గోడల వైపు చూశాడు, బిడ్డ వైపు చూశాడు. గుర్రం దిగాడు. "మావాడూ ఇంతే, కింద పెడితే లేస్తాడు" అని గొణిగి, కళ్లెం పట్టుకుని చప్పుడు చేయకుండా దిగిపోయాడు. దళమంతా మునివేళ్ల మీద వెనకే నడిచింది. బుర్కార్ట్ యెరూషలేమంత దూరమూ ఈ కొండ చుట్టే నడిచి మొక్కు తీర్చుకున్నాడు. బిడ్డను అలా మోయడంవల్లే కొండకు ఈ పేరు వచ్చింది.

నేటికీ తండ్రులు పసిబిడ్డను ఎత్తుకుని, చెప్పులు విడిచి, బిడ్డ నిద్రపోయేదాకా ప్రదక్షిణ చేస్తారు. తల్లులు బల్లల మీద కూర్చుని వేడిరొట్టె తింటారు. వారు సాయం చేయరాదన్నది ఇక్కడి నియమం. ఈ మొక్కు చెల్లించిన ఇంట పిల్లలు రాత్రిళ్లు ఏడవరని నమ్మకం. ఒకవేళ ఏడ్చినా లేచేది తండ్రే కనుక, మొక్కు ఫలించలేదన్న తల్లి ఇంతవరకూ లేదు.