మూడింద్రియాల కుండ

గుణవ్వకు జీవరాశుల పట్టీ అంతా నోటికి వచ్చు. వానపాముకు రెండు ఇంద్రియాలు, చీమకూ రోకలిబండ పురుగుకూ మూడు, తేనెటీగకు నాలుగు. అడగడమే ఆలస్యం, గడగడా అప్పజెప్పేసేది. మర్నాడే ఆమెకు జైన సన్యాసినిగా దీక్ష. ఇన్నాళ్లలో తన చేతిమీదుగా ఒక్క ప్రాణం పోలేదని లోలోపల కాస్త గర్వం కూడా.

దీక్ష చూడ్డానికి జనం వస్తారు. కొండదారి నిండా వానకు బయటికొచ్చిన పురుగులు. కాళ్లకింద పడి నలిగిపోతాయేమోనని పొద్దున్నే నెమలీకల కుంచెతో మెల్లగా ఎత్తి కుండల్లో వేసింది. ఎన్ని ఇంద్రియాలో చూసి, ఏ కుండకా కుండ. కాకులు పొడవకుండా మూతలు కూడా బిగించింది.

మధ్యాహ్నం అడవిలో వదిలేద్దామని మూడింద్రియాల కుండ మూత తీసింది.

చేదు బాదం నలిపిన వాసన గుప్పుమంది. అడుగున చీమలు ఆవగింజల్లా రాలి ఉన్నాయి. గుండ్రటి రోకలిబండలు చుట్టుకున్నవి చుట్టుకున్నట్టే ఉండిపోయాయి. ఒంటిమీద పసుపు చుక్కలున్న చదును రోకలిబండలు మాత్రం వాటి మీదుగా తాపీగా నడుస్తున్నాయి.

గుణవ్వ కుండ పట్టుకుని గురువు ఆదిసేనమ్మ దగ్గరికి ఎలా వెళ్లిందో ఆమెకే తెలీదు.

"అన్నీ ఒకే తరగతివే కదమ్మా. పట్టీలో అలాగే ఉంది."

ఆదిసేనమ్మ కుండలోకి చూసింది. "కళ్లు మూసుకో తల్లీ" అంది. కుండలోంచి చుక్కలదాన్ని గుణవ్వ ఒక అరచేతిలో, గోడమీద పాకుతున్న గుండ్రటిదాన్ని రెండో అరచేతిలో పెట్టింది. "ఏది ఏదో చెప్పు."

ఒక చెయ్యి చేదు బాదం వాసన. ఇంకో చెయ్యి ముక్కులో సూది గుచ్చినంత ఘాటు. కళ్లు తెరిస్తే ఆ అరచేతిలో గోధుమరంగు మరక. రుద్దినా పోలేదు.

"దేని విషం దానిదే" అంది గుణవ్వ. "అవి ఒకదాన్నొకటి కరవలేదమ్మా. చుక్కలవి వదిలిన ఈ చేదుగాలి బయటికి పోకుండా నేనే మూత పెట్టాను."

"ఈ జీవులకున్న మూడో ఇంద్రియం ఏది?"

"వాసన."

"నీకూ ఉంది కదమ్మా."

గుణవ్వ తల దించుకుంది. "రేపు నాకు దీక్ష వద్దమ్మా."

"చచ్చినవాటి కోసమా, పట్టీ తప్పినందుకా?"

గుణవ్వ జవాబు చెప్పబోయింది. ఇందాక ఈ గుమ్మంలోకి వస్తూనే తన నోట మొదట వచ్చింది పట్టీ మాటేనని గుర్తొచ్చి, ఆగిపోయింది.